ఎర్ర గిటార్ల మీద మోజు ఎక్కడిది, ఆ ఎరుపు ఎంతకాలం నిలుస్తుంది

మీరు అడిగిన ప్రశ్నలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి. ఇంట్లో ఇప్పటికే రెండు మూడు గిటార్లు ఉన్నవాళ్లు సైతం తర్వాత కొనేది ఎర్రదే కావాలని ఎందుకు పట్టుబడతారన్నది మొదటిది. విశాఖ ఎండకూ చెమటకూ ఆ రంగు ఎంతకాలం ఆగుతుందన్నది రెండోది. సెకండ్‌హ్యాండ్‌లో మీకు దాదాపు ఒకే ధరకు దొరుకుతున్న చెర్రీ రంగు సెమీ హాలో (లోపల కొంత డొల్లగా ఉండే) ఎలక్ట్రిక్ గిటార్, ఫెండర్ కంపెనీ మోడల్ అయిన క్యాండీ ఆపిల్ రెడ్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్), ఈ రెంటిలో ఏది తీసుకోవాలన్నది మూడోది. గిటార్ల మరమ్మతు, రంగుల పని చాలాకాలంగా చేస్తున్నవాణ్ని కాబట్టి మూడింటికీ కలిపి కాస్త వివరంగానే రాస్తున్నాను. గిటార్లలో ఎరుపు అని మనం ఒకే మాటతో చెప్పుకునేది నిజానికి మూడు వేర్వేరు పనితనాలు: కలప నార కనబడేలా అద్దిన చెర్రీ, కార్లకు వేసే చిక్కటి పెయింటుతో కప్పేసిన ఫియెస్టా రెడ్ వంటివి, వెండి పూత మీద పలుచని పొరలుగా ఎక్కించిన క్యాండీ ఆపిల్. వీటి పుట్టుక వేరు, పాతబడే తీరు వేరు, వీటి మీద యజమానులకు ఉండే మమకారమూ వేరు. గిటార్ల మీద వాడే రంగులలో ఎండకూ కాలానికీ కంటికి కొట్టొచ్చినట్టుగా మారేది ఎరుపే. ఆ మార్పే దాని మీద ఉన్న మోజుకు సగం కారణమని నా అభిప్రాయం.

ఎర్ర గిటార్‌కు ప్రత్యేకమైన నాదం ఉంటుందా అని చివర్లో సరదాగా అడిగారు. ఉండదు. అకౌస్టిక్ గిటార్ పైపలక మీద పూత మందంగా ఉంటే పలక కదలిక తగ్గి శబ్దం అణగిపోతుంది, అది నిజం. అక్కడ కూడా లెక్కలోకి వచ్చేది మందమే గాని రంగు కాదు. సాలిడ్ బాడీ (లోపల డొల్ల లేని) ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), తీగలు, అవి ఆనే బ్రిడ్జ్, వాయించే చెయ్యి ఇవన్నీ పోగా పూతకు మిగిలే వంతు వినడానికి అందనంత చిన్నది. ఇంతకుమించి ఈ విషయం మీద సమయం ఖర్చుపెట్టనక్కరలేదు.

తీగవాద్యాలకు ఎరుపు పూయడం గిటార్‌తో మొదలైనది కాదు. పారిస్‌లోని సంగీత మ్యూజియంలో ఉన్న, ఇటలీ పనివాడు స్ట్రాడివరి చేసిన స్ట్రాడివేరియస్ వయొలిన్ల వార్నిష్‌ను పరిశీలించిన ఫ్రెంచి పరిశోధకులు 2009లో ప్రకటించిన వివరాల ప్రకారం, కలపలోకి ఇంకిన నూనె పొర మీద ఉన్న పలుచని పై పొరలో ఐరన్ ఆక్సైడ్, ఇంగిలీకం, కోచినీల్ పురుగు నుంచి తీసిన ఎరుపు వంటివి కొన్ని వాద్యాలలో కనిపించాయి. అంటే ఆ పనివాడు కలపను కప్పిపెట్టకుండా, దాని నార మీద ఎర్రటి వెలుగు ఆడేలా చేయడానికి ప్రయత్నించాడన్నమాట. గిటార్లలో చెర్రీ రంగు ఈ పాత అభిరుచికి దగ్గరి చుట్టం. అందుకే మొదట దాని సంగతి చెబుతాను.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ పట్టణంలో అప్పట్లో ఉన్న గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ గిటార్‌ను బంగారు రంగు పైభాగంతో విడుదల చేసింది. కొన్నేళ్లకు అమ్మకాలు పడిపోవడంతో 1958లో ఆ బంగారు పూత తీసేసి, మేపుల్ చెక్క నార కనబడేలా మధ్యలో పసుపు, అంచుల వైపు ఎరుపు ఉండే చెర్రీ సన్‌బర్స్ట్ వేయడం మొదలుపెట్టింది. వెనుక వైపు మహాగని చెక్కకు పూర్తిగా చెర్రీ అద్దేవారు. అయినా ఆ గిటార్ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1960 దాటకముందే దాని తయారీ ఆపేశారు, మూడేళ్లలో తయారైనవి రెండు వేల లోపే. ఆ ఎరుపు కోసం వాడిన అనిలిన్ అద్దకపు రంగు వెలుగుకు నిలిచేది కాదు. దుకాణం అద్దాల వెనుక కొన్ని నెలలు వేలాడినవి, కిటికీ పక్కన స్టాండు మీద ఏళ్ల తరబడి నిలబడినవి అంచుల ఎరుపును పోగొట్టుకుని ఒకటి తేనె రంగుకు, ఒకటి టీ డికాక్షన్ రంగుకు, మరొకటి నిమ్మపండు పసుపుకు మారిపోయాయి. పెట్టె దాటి బయటికి రాని కొద్ది గిటార్లలో మాత్రం మొదటి రోజు ఎరుపు అలాగే మిగిలింది. 1960లో వెలుగుకు తట్టుకునే ఎరుపుకు మారేసరికి అది కాస్త నారింజ ఛాయ ఉన్న ఎరుపుగా వచ్చింది.

దీని పర్యవసానం ఏమిటంటే, ఒకే కర్మాగారంలో ఒకే రంగుతో తయారైన గిటార్లు అరవై డెబ్బై ఏళ్ల తర్వాత ఏ రెండూ ఒకేలా లేవు. సేకరించేవాళ్లు ఈ తేడాలకు ఒక్కొక్క పేరు పెట్టుకుని వాటిని బట్టే బేరాలు ఆడతారు. ఎరుపు పూర్తిగా పోయినదాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, చెక్కుచెదరనిదాన్ని వెతికేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు వచ్చే కొత్త గిటార్లకు వెలిసిపోయిన ఎరుపును స్ప్రే గన్‌తోనే అనుకరించి ఎక్కువ ధరకు అమ్ముతున్నారంటే ఆ లోపానికి ఎంత విలువ వచ్చిందో తెలుస్తుంది. నలుపు, తెలుపు పూతలు కూడా పాతబడతాయి, కానీ నల్ల గిటార్ పాతబడితే గీతలు పడిన నల్ల గిటార్‌లాగే ఉంటుంది. ఎర్ర గిటార్ పాతబడితే ఆ యజమాని దాన్ని ఎక్కడ పెట్టాడో, ఎంత వాయించాడో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది.

మీరు చూస్తున్న సెమీ హాలో గిటార్ కూడా ఈ వంశంలోదే. 1958లో గిబ్సన్ సెమీ హాలో మోడల్ ఈఎస్-335 మొదట సన్‌బర్స్ట్, సహజ చెక్క రంగులలో వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఖరీదైన ఈఎస్-355 మొదటి నుంచీ చెర్రీలోనే ఉండేది, 1960 నాటికి 335కు కూడా చెర్రీ స్థిరపడి, సహజ రంగును జాబితాలోంచి తప్పించింది. 1961లో లెస్ పాల్ స్థానంలో వచ్చిన, తర్వాత ఎస్‌జీ అని పేరు పడిన పలుచని మహాగని గిటార్‌కు కూడా చెర్రీయే ప్రధానమైన రంగు. మహాగని స్వతహాగా ఎర్రటి ఛాయ ఉన్న కలప. దాని మీద ఎరుపు అద్దితే రంగు పైన కూర్చున్నట్టు కాక లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. నా చేతుల మీదుగా పోయిన ఎర్ర పూతలలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, ఇది నా పక్షపాతమని ముందే ఒప్పుకుంటున్నాను.

చక్ బెర్రీ చేతిలో చెర్రీ 355, అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో 1969లో ఆల్విన్ లీ చేతిలో స్టిక్కర్లు అంటించిన చెర్రీ 335, అదే వేదిక మీద సంటానా చేతిలో ఎర్ర ఎస్‌జీ, ఏసీ/డీసీ వేదికల మీద గంతులు వేసే ఆంగస్ యంగ్ చేతిలో మరో ఎస్‌జీ, వీటన్నిటినీ చూసిన తరాలకు రాక్ గిటార్ అంటే కళ్ల ముందు మెదిలే రంగు ఏదో వేరే చెప్పనక్కరలేదు. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్‌కు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1968లో ఇచ్చిన లెస్ పాల్ కథ ఇంకా ఆసక్తికరం. అది 1957 నాటి బంగారు రంగు గిటార్. అంతకుముందు దాని యజమాని దాన్ని గిబ్సన్ కర్మాగారానికే పంపి ఎర్ర చెర్రీ వేయించాడు. హారిసన్ దానికి లూసీ అని పేరు పెట్టుకున్నాడు, ఎర్రజుట్టు నటి లూసిల్ బాల్ గుర్తుగానే ఆ పేరని అంటారు. క్లాప్టన్ స్వయంగా నలభై ఏళ్ల పాటు దగ్గర ఉంచుకున్న 1964 నాటి చెర్రీ 335 న్యూయార్క్‌లో 2004లో జరిగిన క్రిస్టీస్ వేలంలో 8,47,500 డాలర్లకు పోయింది. అదే వేలంలో ఆయన నల్ల స్ట్రాటోకాస్టర్ 9,59,500 డాలర్లు పలికిందని కూడా చెప్పాలి. ఎరుపైతే చాలు ధర పెరుగుతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మవద్దు.

ఇక రెండో ఎరుపు కాలిఫోర్నియాలో, ఫుల్లర్టన్ పట్టణంలోని ఫెండర్ కర్మాగారంలో, కలపతో సంబంధం లేకుండా పుట్టింది. అక్కడ లెక్క అంతా కార్ల పెయింటుదే. కొనేవాడు అయిదు శాతం అదనంగా చెల్లిస్తే డ్యూపాంట్ కంపెనీ కార్ల రంగులలో కోరినదాన్ని గిటార్‌కు వేసి ఇచ్చేవారు, 1960 ప్రాంతంలో ఆ రంగులకు ఒక అచ్చు పట్టిక కూడా వచ్చింది. ఫియెస్టా రెడ్ 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారుకు వేసిన రంగు, డకోటా రెడ్ క్యాడిలాక్ కార్లది. ఫియెస్టా కాస్త నారింజ, కాస్త గులాబీ కలిసిన ఎరుపు. డకోటా ముదురు, నిండు ఎరుపు. ఫెండర్‌లో తొలినాళ్ల నుంచి పనిచేసిన జార్జ్ ఫుల్లర్టన్ ఊళ్లోని పెయింటు దుకాణానికి వెళ్లి తానే ఒక ఎరుపు కలిపించి తెచ్చాననీ, తోటివాళ్లు నవ్వారనీ, అదే ఫియెస్టా రెడ్‌గా స్థిరపడిందనీ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఫోర్డ్ కారు రంగుతో ఆ కథ ఎలా పొసుగుతుందో తేల్చడం కష్టం. గిబ్సన్ కూడా 1963లో రే డీట్రిక్ అనే కార్ల డిజైనర్ చేత ఫైర్‌బర్డ్ గిటార్‌ను గీయించి, కార్డినల్ రెడ్, ఎంబర్ రెడ్ వంటి రంగులను 15 డాలర్లు అదనంగా తీసుకుని వేసింది. ఆ రోజుల్లో గిటార్ కొనే కుర్రవాడి కలలో కారూ గిటారూ పక్కపక్కనే ఉండేవని ఈ రెండు కంపెనీలకూ తెలుసు.

అయితే ఫియెస్టా రెడ్‌ను ఒక వ్యామోహంగా మార్చింది అమెరికా కాదు, బ్రిటన్. 1951 నుంచి 1959 దాకా అమెరికా వాద్యాల దిగుమతి మీద అక్కడ ఆంక్షలు ఉండేవి. అసలు ఫెండర్ గిటార్‌ను కళ్లతో చూసినవాళ్లే తక్కువ. 1959లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ తన బృందంలోని గిటారిస్టు హ్యాంక్ మార్విన్ కోసం అమెరికా నుంచి ఒక స్ట్రాటోకాస్టర్ తెప్పించాడు. తమకు ఇష్టమైన అమెరికా గిటారిస్టు జేమ్స్ బర్టన్ ఫెండర్ వాయిస్తాడని విన్న ఈ కుర్రాళ్లు, అంత గొప్పవాడు అన్నిటికంటే ఖరీదైనదే వాయిస్తాడనుకుని క్యాటలాగ్‌లో పై వరుసలో ఉన్నదాన్ని ఎంచుకున్నారట. బర్టన్ చేతిలో ఉన్నది నిజానికి ఫెండర్‌దే మరో మోడల్ టెలికాస్టర్. అలా పొరపాటున వచ్చిపడ్డ గిటార్ ఫియెస్టా రెడ్ రంగుది, మేపుల్ నెక్ (తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి మెడ), బంగారు పూత వేసిన లోహపు భాగాలతో ఉన్నది. మరుసటి ఏడాది ది షాడోస్ పేరుతో ఆ బృందం విడుదల చేసిన అపాచీ అనే వాద్యగీతం అయిదు వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. బ్రిటన్‌లో రంగుల టీవీ ప్రసారాలు 1967లో గాని మొదలుకాలేదు. టీవీలో షాడోస్‌ను చూసిన పిల్లలకు ఆ గిటార్ బూడిద రంగులోనే కనిపించింది. దాని ఎరుపు తెలియాలంటే పత్రికలో రంగుల ఫొటో దొరకాలి, లేదా హాలుకు వెళ్లి వేదిక మీద చూడాలి. అందని వస్తువు మీద ఆశ ఎంత బలంగా ఉంటుందో ఆ తరం గిటారిస్టుల మాటలు వింటే అర్థమవుతుంది. డైర్ స్ట్రేట్స్ బృందం గిటారిస్టు మార్క్ నాఫ్లర్ తన మొదటి గిటార్ గురించి చెప్పేటప్పుడు, హ్యాంక్ మార్విన్ దానిలాంటి ఎరుపు కావాలని పట్టుబట్టి నాన్న చేత 50 పౌన్లకు హాఫ్నర్ కంపెనీ గిటార్ కొనిపించుకున్నానని చెబుతాడు. ఫెండర్ కొనే స్తోమత ఆ ఇంటికి లేదు, కానీ రంగు మాత్రం అదే కావాలి. తర్వాత డైర్ స్ట్రేట్స్ కాలంలో అతని చేతిలోకి ఎర్ర స్ట్రాటోకాస్టర్ వచ్చింది, దాన్ని చూసి మరో తరం ఎర్ర స్ట్రాట్‌ల కోసం వెతికింది. మొదటి ప్రశ్నకు నాకు తెలిసిన అత్యంత సూటి జవాబు ఈ వరసే. ఇంకొకరి చేతిలో చూసిన ఎరుపును పదిహేనేళ్ల వయసులో కొనుక్కోలేకపోయినవాడు నలభై అయిదేళ్లకు కొనుక్కుంటాడు. అప్పటికి అతని ఇంట్లో రెండు గిటార్లు ఉంటాయా నాలుగు ఉంటాయా అన్నది లెక్కలోకి రాదు.

డిమాండ్ ఎంత పెరిగిందంటే, సన్‌బర్స్ట్‌లో వచ్చిన ఫెండర్లను కొన్నిటిని బ్రిటన్ దిగుమతిదారుల వర్క్‌షాపులోనే ఎరుపుగా మార్చి అమ్మారని పాత గిటార్ల వ్యాపారంలో చెప్పుకుంటారు. వాట్కిన్స్, హాఫ్నర్ వంటి కంపెనీలు చవక గిటార్లను ఎరుపులో దించాయి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: పాత ఫియెస్టా రెడ్ గిటార్లు ఒకదాని పక్కన ఒకటి పెడితే ఒకటి టమాటా ఎరుపుగా, ఒకటి సాల్మన్ చేప గులాబీగా కనిపిస్తాయి. పైనున్న నైట్రో (నైట్రోసెల్యులోజ్ లక్కర్) క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పూత, కాలంతో పాటు పసుపెక్కడం, కింద తెల్ల ప్రైమర్ ఉండటం లేదా లేకపోవడం, ఎండ తగలడం, ఈ మూడూ కలిసి ఆ తేడా తెస్తాయి. కాబట్టి అసలైన ఫియెస్టా ఇదీ అని ఫోన్‌లో ఫొటో చూపించి వాదించేవాళ్ల మాట పట్టించుకోకండి.

మూడోది క్యాండీ ఆపిల్ రెడ్. ఇది అమెరికాలో కార్లను సొంతంగా మార్చుకుని రంగులు వేయించుకునేవాళ్ల దగ్గర పుట్టిన పనితనం, అందులో కాలిఫోర్నియాకు చెందిన జో బెయిలన్ పేరు ముందు వినిపిస్తుంది. ఫెండర్ 1963లో తన పట్టికలోంచి షెల్ పింక్ అనే లేత గులాబీని తీసేసి దాని చోట క్యాండీ ఆపిల్‌ను చేర్చింది. పని ఇలా జరుగుతుంది: బాడీకి లప్పం, సీలర్ అయ్యాక మొదట వెండి రంగు గాని బంగారు రంగు గాని మెటాలిక్ పూత వేస్తారు, దాని మీద పారదర్శకమైన ఎరుపును పలుచని పొరలుగా కొడతారు, చివర క్లియర్ కోట్. మన కంటికి చేరే వెలుగు ఎరుపు పొరలలోంచి లోపలికి వెళ్లి, అడుగునున్న లోహపు రేణువులకు తగిలి, మళ్లీ అదే ఎరుపులోంచి వెనక్కి వస్తుంది. అందుకే గిటార్ కాస్త తిరిగితే అంచుల దగ్గర ముదురుగా, వెలుగు పడ్డచోట మండుతున్నట్టుగా ఉంటుంది. బంగారు అడుగు మీద వెచ్చని, ఇటుక ఛాయ ఎరుపు వస్తుంది, వెండి అడుగు మీద చల్లని, నిఖార్సైన ఎరుపు వస్తుంది. గోరింటాకు ఎంతసేపు ఉంచితే అంత పండినట్టు, ఇక్కడ పొర పెరిగినకొద్దీ రంగు ముదురుతుంది.

అందంతో పాటు చిక్కు కూడా ఈ పొరలలోనే ఉంది. మామూలు ఎరుపు మీద పెచ్చు లేస్తే అదే రంగు కలిపి ఆ చోట నింపి, వాటర్ పేపర్‌తో రుద్ది, పాలిష్ పెట్టి చాలావరకు దాచవచ్చు. క్యాండీ మీద ఆ పని కుదరదు. కొత్తగా కొట్టిన పారదర్శక ఎరుపు పాతదాని అంచు మీద పడినచోట రెండు పొరలై నల్లటి చుట్టులా కనిపిస్తుంది, పడనిచోట అడుగున ఉన్న వెండి మెరుస్తుంది. సరిగా చేయాలంటే ఆ వైపు మొత్తం దించి మళ్లీ వేయాలి. కార్ల డెంటింగ్ పెయింటింగ్ షాపులో తక్కువలో చేసిపెడతామంటారు, వాళ్లలో నిజంగా చెయ్యి తిరిగినవాళ్లూ ఉన్నారు. కానీ కారు డోరుకు వేసినంత మందంగా గిటార్‌కు వేస్తే నెక్ పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గాడి) కొలతలు మారి నెక్ సరిగా కూర్చోదు. అక్కడ రంగు పడకుండా మాస్కింగ్ టేపు వేయమని ముందే చెప్పాలి. డేవిడ్ గిల్మర్ 1980లలో పింక్ ఫ్లాయిడ్ వేదికల మీద వాడినది క్యాండీ ఆపిల్ స్ట్రాట్ కావడం వల్ల ఈ రంగుకు మళ్లీ గిరాకీ వచ్చింది, మీ గిటార్ కూడా ఆ ప్రభావం తర్వాతిదే అయి ఉంటుంది.

ఈ మూడు దారులకూ బయట ఉన్న ఎర్ర గిటార్లూ లేకపోలేదు. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే తన తండ్రితో కలిసి 1963లో మొదలుపెట్టి ఇంట్లోనే తయారుచేసుకున్న రెడ్ స్పెషల్‌కు నెక్ పాత నిప్పుగూడు తాలూకు మహాగని చెక్క, బాడీ మీద మహాగని వెనీర్ (పలుచని చెక్క పొర), పైన రస్టిన్స్ ప్లాస్టిక్ కోటింగ్. ఆ ఎరుపు చాలావరకు కలపదే. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన నలుపు తెలుపు చారల గిటార్ మీద 1979లో సైకిళ్లకు వేసే ఎర్ర పెయింటు కొట్టాడు. మరో రాక్ గిటారిస్టు జాక్ వైట్ వాయించిన 1960ల నాటి ఎయిర్‌లైన్ గిటార్‌కు బాడీయే ఫైబర్‌గ్లాస్.

వేదిక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పెళ్లిళ్లలో, కాలేజీ ఉత్సవాలలో వాయిస్తానని రాశారు. పాతకాలపు వెచ్చని బల్బుల వెలుగులో ఎరుపు భాగం ఎక్కువ, కాబట్టి ఆ వెలుగులో ఎర్ర గిటార్ వెలిగిపోతుంది. నీలం ఎల్ఈడీ లైట్ల కింద అదే గిటార్ దాదాపు నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే ఎరుపు పూత నీలం వెలుగును మింగేస్తుంది, తిప్పి పంపడానికి దానికి ఏమీ మిగలదు. వేదిక మీద కనిపించడమే ముఖ్యమనుకుంటే తెలుపు గాని లేత పసుపు గాని మంచిది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద నిస్తేజంగా కనిపించిన చెర్రీ గిటార్‌ను ఉదయం వెలుగులో ఒకసారి చూసి గాని నిర్ణయం తీసుకోకండి.

ఇక మీ రెండో ప్రశ్న. రంగు ఎంతకాలం నిలుస్తుందన్నది అది అద్దకపు రంగా పొడి రంగా అన్నదాని మీద ఆధారపడుతుంది. అద్దకపు రంగు లక్కర్‌లో పూర్తిగా కరిగిపోతుంది, అందుకే కలప నార దానిలోంచి కనబడుతుంది. కానీ దాని అణువులు విడివిడిగా వెలుగుకు దొరికిపోయి అతినీలలోహిత కిరణాలకు త్వరగా విరిగిపోతాయి. పొడి రంగులో రేణువులు కరగకుండా ఉంటాయి, పైవరుస దెబ్బతిన్నా లోపలిది మిగులుతుంది. వాటిలోనూ రకాలున్నాయి: ఐరన్ ఆక్సైడ్ ఎన్నేళ్లయినా మారదు గాని ఇటుక రంగుకు మించి వెలగదు, డ్యూపాంట్ 1958లో మార్కెట్‌లోకి తెచ్చిన క్వినాక్రిడోన్ రకాలు వెలుగుకు బాగా ఆగుతాయి, చవక ఎరుపులు ఎండలో నిలిపిన పాత కార్ల మీద కనిపించినట్టు సుద్దలా తేలిపోతాయి. గిబ్సన్‌దే కాదు, 1958లో ఫెండర్ తన రెండు రంగుల సన్‌బర్స్ట్‌కు చేర్చిన ఎరుపు కూడా మొదటి ఏడాది రెండేళ్లలో తయారైన గిటార్ల మీద మాయమైపోయి, అవి చూడటానికి మళ్లీ రెండు రంగులవే అయ్యాయి.

ఇప్పటి గిటార్లలో రంగులూ మెరుగయ్యాయి, క్లియర్ కోట్‌లలో అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలూ కలుపుతున్నారు. అయినా పడమటి కిటికీకి ఎదురుగా గోడకు తగిలించిన చెర్రీ గిటార్ కొన్నేళ్లలో తేలిపోవడం ఖాయం. కిటికీకి అద్దం ఉంది కదా అనుకోకండి, మామూలు అద్దం కొన్ని కిరణాలను ఆపినా రంగును తినే కిరణాలలో చాలాభాగాన్ని లోపలికి వదిలేస్తుంది. ఎల్ఈడీ దీపాల వల్ల ఆ భయం చాలా తక్కువ. సముద్రపు గాలి నిజానికి రంగుకంటే ముందు ఇనుముకే హాని చేస్తుంది. బ్రిడ్జ్ స్క్రూలు, పికప్ కవర్లు తుప్పు పట్టడం మీకు రంగు వెలవడం కంటే చాలా ముందు కనబడుతుంది. గదిలో తేమ ఎక్కువగా ఉండే నెలల్లో గిటార్‌ను పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం వల్ల ఎండ నుంచి రంగుకు, తేమ నుంచి లోహానికి ఒకేసారి కాపుదల దొరుకుతుంది.

చెమట విషయంలో చెర్రీకి ఒక చిక్కు ఉంది. పైన క్లియర్ కోట్ పలుచగా, శాటిన్ ఫినిష్‌గా (నిగనిగ తక్కువగా) ఉన్న గిటార్లలో అద్దకపు ఎరుపు చెమటకు కొద్దిగా కరిగి తెల్లచొక్కా మీదికి, మోచేతి లోపలి వైపుకు దిగుతుంది. బాడీ అంచు చుట్టూ ఉండే లేత రంగు బైండింగ్ పట్టీలోకి కూడా పాకి గులాబీ ఛాయ తెస్తుంది. నిగనిగలాడే మందమైన క్లియర్ ఉన్నవాటికి ఈ బాధ ఉండదు. మీ గిటార్‌కు ఉన్నది నైట్రో పూత అయితే స్టాండు రబ్బరు దానికి తగలకుండా నూలుగుడ్డ చుట్టండి, ఎందుకంటే రబ్బరులోని మెత్తదనం తెచ్చే పదార్థాలు నైట్రోను కరిగించి అంటుకుపోయేలా చేస్తాయి. పాలీ పూత (పాలియురేథేన్ లేదా పాలియెస్టర్) అయితే ఆ దిగులు లేదు. ఏ పూతో తెలియకపోతే నైట్రో అనే అనుకుని జాగ్రత్తపడండి. థిన్నర్ చుక్క వేసి చూడమనే సలహా ఎవరైనా ఇస్తే మాత్రం వినకండి, మన ఫర్నిచర్ షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ నైట్రో పూతను క్షణంలో పాడుచేస్తుంది.

మూడో ప్రశ్నకు వస్తే, వాయించడానికి రెండూ సమానంగా నచ్చి, ధర కూడా ఒకటే అయినప్పుడు నేను చెర్రీ సెమీ హాలోనే తీసుకుంటాను. దాని రంగు తేలినా అందంగానే తేలుతుంది, చిన్న దెబ్బలు నార రంగులో కలిసిపోతాయి, అవసరమైతే లక్కర్‌లో కాస్త ఎరుపు కలిపి ఆ చోటును సరిచేయవచ్చు. క్యాండీ ఆపిల్ మచ్చలేకుండా ఉన్నంతకాలం దానికి సాటి లేదు. కానీ మీరు చెప్పినట్టు దాని అడుగు అంచున పెచ్చు లేచి వెండి కనబడుతున్నదంటే, ఆ మచ్చతోనే జీవితాంతం ఉండగలరా అని ఆలోచించుకుని, ఉండగలిగితేనే కొనండి, ధర కూడా ఆ మేరకు తగ్గించమనండి. మళ్లీ రంగు వేయిస్తానని మాత్రం అనుకోవద్దు. అసలు పూత పోయిన పాత గిటార్‌కు దాదాపు సగం విలువ పోతుందన్నది ఈ వ్యాపారంలో అందరూ పాటించే లెక్క, కొత్త గిటార్లకు కూడా ఎంతో కొంత తగ్గుతుంది.

డబ్బు ఇచ్చేముందు అమ్మేవారి అనుమతి తీసుకుని, చెర్రీ గిటార్‌లో ఒక పికప్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగు స్క్రూలు వదులు చేసి దాని కింద రంగు చూడండి, స్ట్రాట్ అయితే స్క్రాచ్ ప్లేట్ (బాడీ ముందు భాగాన్ని కప్పే ప్లాస్టిక్ పలక) తీసి కింద చూడండి. వెలుగు చేరని ఆ చోట ఎరుపు బయటికంటే ముదురుగా ఉంటే పూత అసలుదే, ఎండ మాత్రం తిన్నది. రెండుచోట్లా ఒకేలా ఉంటే ఎక్కువకాలం పెట్టెలో గడిపిందని గాని, పొడి రంగుదని గాని అర్థం. కింద వేరే రంగు తొంగిచూసినా, స్క్రూ రంధ్రాలలోకి ఎర్ర పెయింటు కారి గడ్డకట్టినా అది తర్వాత ఎవరో వేయించిన రంగు కావచ్చు. పాతకాలపు ఫెండర్లలో కొన్నిటికి సన్‌బర్స్ట్ మీదే కర్మాగారంలో కస్టమ్ రంగు వేసిన సందర్భాలు ఉన్నాయి గాని, మీరు చూస్తున్న వయసు గిటార్‌కు ఆ మినహాయింపు వర్తించదు. నెక్ విప్పనిస్తే పాకెట్ లోపల కూడా చూసి, ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.